కరెంటు పొదుపు ఆటలు: మా ఊళ్లలో వినే అపోహలు, అసలు సంగతులు

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు బడుల్లో, మహిళా సంఘాల మీటింగుల్లో నేను కరెంటు పొదుపు ఆటలు ఆడిస్తుంటాను. కాలక్షేపం ఆటలు కావు, ఇంట్లో యూనిట్లు ఎక్కడ కాలుతున్నాయో ఆడుతూనే తెలిసేలా తయారుచేసినవి, వీటినే సీరియస్ గేమ్స్ అంటారు. ఎక్కడికెళ్లినా అవే మాటలు వినిపిస్తున్నాయి కాబట్టి ఒక్కచోట రాస్తున్నాను.

అపోహ: దీనికి యాప్ కావాలి, స్మార్ట్ మీటరు కావాలి.

ఏమీ అక్కర్లేదు. మీ గోడకున్న మామూలు డిజిటల్ మీటరు చాలు. దాని మీద చిన్న ఎర్రలైటు మిణుకుతుంటుంది చూడండి, చాలా మీటర్ల మీద కిలోవాట్ అవర్‌కు 3200 ఇంపల్స్ అని రాసి ఉంటుంది, అంటే ఆ లైటు 3200 సార్లు మిణికితే ఒక యూనిట్ కాలినట్టు. ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్కో వస్తువే వేస్తాం. నిమిషంలో ఎన్ని మిణుకులో పెద్దవాళ్లు ముందే అంచనా వేసి అన్ని చింతగింజలు ముందు పెట్టుకోవాలి, పిల్లలు లైటు చూసి లెక్కపెట్టాలి (చూడడమే, మీటరును ముట్టకూడదు). 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు రెండు నిమిషాలు కాచుకుంటే ఒక్క మిణుకు వస్తుంది. పాత 75 వాట్ల ఫ్యానుకు నిమిషానికి 4, అదే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారుది) రెండు నిమిషాలకు 3. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెకు 53. ఇక 2000 వాట్ల గీజరు వేస్తే 107 దాకా పోతుంది, లెక్కపెట్టే పిల్లకు ఊపిరాడదు. ఒక సంఘం మీటింగులో గీజరుకు పది గింజలు పెట్టిన అక్క లేచొచ్చి మీటరు ముందు నిలబడి, "ఇదేంది మేడం, ఆగకుండ ఉరుకుతున్నది" అంది. లైట్లు ఆర్పితే పొదుపు అయిపోయిందనే మాట ఆ ఇంట్లో మళ్లీ రాదు.

అన్నీ ఆపేశాం అన్నాక కూడా లైటు మిణుకుతుంటే పిల్లలు ఇల్లంతా వెతుకుతారు. చాలాసార్లు టీవీ కింద సెట్‌టాప్ బాక్సు దొరుకుతుంది.

అపోహ: 200 యూనిట్ల లోపు జీరో బిల్లేగా, మాకెందుకు ఈ ఆట?

అసలు ఈ ఆట వాళ్లకే ఎక్కువ అవసరం. 2024 మార్చి నుంచి తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో జీరో బిల్లులు వస్తున్నాయి, నిజమే, కానీ నెలలో 200 దాటితే ఆ దాటిన ఒకటి రెండు యూనిట్లకు కాదు, మొత్తానికీ బిల్లు పడుతుంది, యూనిట్ల చార్జీ ఒక్కటే వెయ్యి దాటుతుంది. వైకుంఠపాళిలో పైదాకా ఎక్కాక పెద్దపాము మింగినట్టు. ఏప్రిల్, మే నెలల్లో కూలరు తిరిగే ఇళ్లలో ఇదే జరుగుతుంది. అందుకే మేం ఆడించే వైకుంఠపాళి పటంలో 201వ గడిలో పెద్దపాము ఉంటుంది, దాని గురించి విడిగా చెప్పాల్సిన పని పడలేదు.

అపోహ: ఇళ్ల మధ్య పోటీ పెట్టి ప్రైజు ఇస్తే చాలు.

ఈ తప్పు నేనే చేశాను. ఒక బడిలో నెలరోజుల పోటీ పెట్టి, తక్కువ యూనిట్లు కాల్చిన ఇంటికి బహుమతి అన్నాను. గెలిచిన అబ్బాయి ఇంటికి వెళ్తే రేకుల ఇల్లు, ఏప్రిల్ మధ్యాహ్నం, ఫ్యాను ఆపేసి ఉంది, మంచంలో వాళ్ల నాయనమ్మ కొంగుతో విసురుకుంటోంది. నేనెవరో కూడా ఆమెకు తెలియదు. "మనవడు గెలవాలె కద బిడ్డా" అంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. నల్గొండ ఎండల్లో ముసలివాళ్లకు ఫ్యాను ప్రాణం లాంటిది, దాన్ని ఆపించే ఆట ఆడించకపోవడమే నయం. అప్పటినుంచి ముసలివాళ్లు, పసిపిల్లలు పడుకునే గది ఫ్యానూ, ఫ్రిజ్జూ పోటీలోకి రావు, వాటిని ఆపితే ఔట్. పోటీ కూడా పక్కింటితో కాదు, మీ ఇంటి పోయినేడాది ఇదే నెల బిల్లుతోనే.

పక్కింటితో పోల్చడంలో ఇంకో చిక్కుంది. అమెరికాలో కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో ఇళ్లకు "మీ వాడకం ఇంత, చుట్టుపక్కల సగటు ఇంత" అని చీటీలు పెట్టి చూశారు, 2007లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు గానీ, తక్కువ వాడేవాళ్లు సగటు వైపు పెరిగారు. అదే చీటీ మీద ఒక నవ్వుముఖం గీసిన ఇళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. తగ్గించిన ఇంటికి మెచ్చుకోలు ముఖ్యమని నేను నమ్మేది ఇందుకే, మా పిల్లలు ఆ నవ్వుముఖాన్ని చాక్‌పీసుతో తలుపు మీద గీస్తారు.

అపోహ: ఒక్కసారి ఆడిస్తే అలవాటు మారిపోతుంది.

మారదు. రెండు నెలలకు గీజరు స్విచ్చి మళ్లీ వేసే ఉంటుంది. అందుకే వచ్చేటప్పుడు మీటరు పక్కన దారం కట్టి ఒక నోటుబుక్కు వేలాడదీసి వస్తాను, ప్రతి ఆదివారం పొద్దున రీడింగు రాసే పని ఇంట్లో చిన్నవాళ్లది, ఆ వారం ఎక్కువ కాలితే ఎందుకు కాలిందో రాసే పని పెద్దవాళ్లది. ఈమధ్య ఒక ఇంట్లో ఆ పుస్తకం తిరగేస్తే ఒక వారం ఎదురుగా "అక్క పురుడుకొచ్చింది, పాపకు వేడినీళ్లు" అని రాసి ఉంది, పక్కన పిల్ల నవ్వుముఖం గీసింది.