39 సెకన్లు: జై హిండ్లీ గులాబీ జెర్సీ వెనుక కథ

2022 మే 28. ఇటలీలో మూడు వారాలు సాగే సైకిల్ రేసు జిరో ది ఇటాలియాలో ఇరవయ్యో స్టేజ్, అంటే ఇరవయ్యో రోజు పోటీ. డోలమైట్ పర్వతాల్లో ఫెదాయా కనుమ ఎక్కే దారి. మలగా చపేలా అనే చిన్న ఊరు దాటాక రోడ్డు వంపుల్లేకుండా, నిచ్చెన వేసినట్టు నేరుగా పైకి లేస్తుంది. మూడు వారాలుగా మూడు వేలకు పైగా కిలోమీటర్లు తొక్కిన తర్వాత మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్ల మధ్య తేడా అప్పటికి మూడే మూడు సెకన్లు. మొత్తం సమయంలో ముందున్నవాడు వేసుకునే గులాబీ జెర్సీలో ఉన్నది ఈక్వడార్‌కి చెందిన రిచర్డ్ కరపాజ్. 2019లో ఇదే రేసు గెలిచాడు, టోక్యో ఒలింపిక్స్‌లో రోడ్ రేసు బంగారు పతకం కూడా అతనిదే. అతని వెనుక చక్రానికి అంటుకున్నట్టు తొక్కుతూ వస్తున్నది ఆస్ట్రేలియా కుర్రాడు జై హిండ్లీ, వయసు 26.

చివరి మూడు కిలోమీటర్లలో కరపాజ్ కాళ్లు సడలిపోయాయి. హిండ్లీ వెనక్కి చూడలేదు. పైకి చేరేసరికి నిమిషంన్నర దాకా తేడా వచ్చేసింది. మర్నాడు వెరోనాలో అతను జిరో గెలిచాడు. అంతకు ముందు ఏ ఆస్ట్రేలియన్‌కీ దక్కని గెలుపు అది.

ఆ రోజు చూసినవాళ్లలో చాలామంది ఇది అనుకోని మలుపు అన్నారు. నాకు మాత్రం అది ఏడేళ్లుగా ఇటలీ కొండల్లో నడుస్తున్న కథలో భాగంగానే కనిపించింది. అది తెలియాలంటే పెర్త్ నుంచి మొదలుపెట్టాలి.

హిండ్లీ 1996 మే 5న పెర్త్‌లో పుట్టాడు. 'జై' అనే పేరు మన చెవికి బాగా అలవాటైనదే గానీ, వాళ్లది ఇంగ్లండ్ మూలాలున్న కుటుంబం. తండ్రి మాంచెస్టర్ నుంచి వలస వచ్చినవాడు, సైక్లింగ్ అంటే ప్రాణం. నగరానికి తూర్పున మిడ్‌ల్యాండ్ అనే చోట ఉన్న సైకిల్ క్లబ్‌లో కొడుకు ఆరేళ్లకే రేసులు మొదలుపెట్టాడు. పెర్త్ దగ్గర పెద్ద కొండలు లేవు. ఊరి తూర్పు అంచున డార్లింగ్ గుట్టల వరుస తప్ప అంతా చదునే. పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రం మొత్తానికీ ఎత్తైన శిఖరం మౌంట్ మెహరీ 1,249 మీటర్లు, అదీ పెర్త్‌కి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో. జిరోలో రేసు దాటే స్టెల్వియో కనుమ 2,758 మీటర్లు. ఇంత చదును నేల నుంచి కొండలెక్కే రైడర్లు ఎలా వస్తున్నారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. హిండ్లీ ఒక్కడే కాదు, బెన్ ఓ'కానర్, మైకేల్ స్టోరర్ కూడా పెర్త్ వాళ్లే.

రావడం అంటే ఇల్లు వదిలి రావడమే. ఆస్ట్రేలియాలో ఎంత బాగా తొక్కినా ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ దొరికేది యూరప్‌లోనే. ఆస్ట్రేలియా క్రీడా సంస్థ ఇటలీ ఉత్తరాన గవిరాతే అనే చెరువు పక్క ఊళ్లో 2011లో ఒక శిక్షణ కేంద్రం తెరిచింది కూడా అందుకే. హిండ్లీ మొదటి యూరప్ పాఠాలు మాత్రం ఇంకా కింద, మధ్య ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతంలో నేర్చుకున్నాడు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో అక్కడి ఒక అమెచ్యూర్ జట్టుతో ఉండి, ఆ కొండ ఊళ్ల మధ్య ఆదివారం రేసులు తొక్కాడు. భాష రాదు, అమ్మానాన్నలు సగం భూగోళం అవతల. ఆ వయసులో తిరిగి ఇంటికి వెళ్లిపోయిన ఆస్ట్రేలియా కుర్రాళ్లు ఎంతమందో. ఇతను ఉండిపోయాడు. 2016లో ఇటలీ కుర్ర రైడర్ల రేసుల్లో పేరున్న కపోదార్కో గెలిచాడు.

2017లో మిచెల్టన్ స్కాట్ అనే ఆస్ట్రేలియా యువ జట్టులో చేరాడు. ఆ ఏడాది ఆస్ట్రేలియాలో జరిగిన హెరాల్డ్ సన్ టూర్ రేసులో రెండో స్థానం. కొన్నేళ్లు ఆగిపోయి ఆ ఏడాదే మళ్లీ మొదలైన 23 ఏళ్లలోపు వాళ్ల జిరోలో పావెల్ సివకోవ్ గెలిస్తే, పోడియంపై మిగిలిన రెండు చోట్లూ హిండ్లీవీ, అతని జట్టు సహచరుడు లూకస్ హామిల్టన్‌వీ. ఆ రేసు ముగిసింది కూడా అబ్రుజ్జోలోనే, కాంపో ఇంపెరతోరే కొండపైన. 2018లో హామిల్టన్ ఆస్ట్రేలియా పెద్ద జట్టుకే వెళ్లాడు. హిండ్లీ, స్టోరర్ జర్మనీలో నమోదైన సన్‌వెబ్ జట్టుకు వెళ్లారు.

సన్‌వెబ్‌లో మొదటి రెండేళ్లూ అతని పని సాయం చేయడం. ఒక లీడర్ కోసం మిగిలినవాళ్లు గాలికి ఎదురు నిలబడి తొక్కడం, నీళ్ల సీసాలు మోయడం, కొండ మొదట్లో వేగం పెంచి తర్వాత పక్కకు తప్పుకోవడం ఈ ఆటలో మామూలు. 2019 ఆగస్టులో పోలండ్ టూర్‌లో మాత్రం తన కోసం తాను తొక్కే చాన్స్ దొరికింది. మళ్లీ సివకోవే గెలిచాడు. హిండ్లీ రెండు సెకన్ల తేడాతో రెండో స్థానం. బెల్జియం యువ రైడర్ బ్యోర్గ్ లాంబ్రెక్ట్ పడిపోయి ప్రాణాలు కోల్పోయిన రేసు అది, అందుకే ఆ ఫలితం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

2020 ఫిబ్రవరిలో సొంత దేశంలో హెరాల్డ్ సన్ టూర్ గెలిచాడు. ఫాల్స్ క్రీక్, మౌంట్ బుల్లర్ రెండు కొండల మీదా స్టేజ్‌లు అతనివే. 1952 నుంచి నడిచిన ఆ రేసు ఆ తర్వాత మళ్లీ జరగలేదు, ఆఖరి విజేతగా అతని పేరే మిగిలింది. తర్వాతి నెలలో కోవిడ్ వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా తన సరిహద్దులు మూసేసింది, 2022 మార్చి వరకు పూర్తిగా తెరవలేదు.

ఇక ఆ ఏడాది జిరో. మేలో జరగాల్సింది అక్టోబర్‌లో జరిగింది. చలి, వాన, రాలుతున్న ఆకులు. సన్‌వెబ్ లీడర్ నెదర్లాండ్స్‌కి చెందిన విల్కో కెల్డర్‌మన్. హిండ్లీకి అది మూడో గ్రాండ్ టూర్ (మూడు వారాల పెద్ద రేసు) మాత్రమే, కొండల మీద కెల్డర్‌మన్‌ని కాపాడటమే అతని బాధ్యత. పియాంకవాల్లో కొండ మీద ఆ పని ఎంత బాగా చేశాడంటే, తను కూడా మూడో స్థానంలో ముగించాడు. అక్టోబర్ 21న మడోన్నా ది కాంపిలియోలో బెన్ ఓ'కానర్ స్టేజ్ గెలిచాడు. మర్నాడు లాగి ది కంకానోలో హిండ్లీ గెలిచాడు. పెర్త్ కుర్రాళ్లు వరసగా రెండు రోజులు!

కానీ ఆ రెండో రోజు గెలుపులోనే ఒక ముడి ఉంది. స్టెల్వియో మీద ఇనియోస్ జట్టు తరఫున మరో ఆస్ట్రేలియన్ రోహన్ డెన్నిస్ తన సహచరుడు టావ్ గేగన్ హార్ట్ కోసం విపరీతమైన వేగం పెట్టాడు. కెల్డర్‌మన్ వెనకబడిపోయాడు. హిండ్లీ మాత్రం నిలబడ్డాడు. శిఖరం దగ్గర దిగుడుకు ముందు చలి జాకెట్ తొడుక్కోబోతే చేతులు దూరక, గాలికి అది ఎగిరిపోతుంటే అతను పడిన తిప్పలు టీవీలో చూసినవాళ్లకి ఇంకా గుర్తుంటాయి. అక్కడ జట్టు తేల్చుకోవాల్సింది ఒక్కటే: వెనకున్న లీడర్ కోసం హిండ్లీని ఆపాలా, ముందుకు వదలాలా? రెండూ చేయలేదు. హిండ్లీని ముందే ఉంచారు, కానీ గేగన్ హార్ట్‌తో కలిసి వేగం పెంచనివ్వలేదు. అతను గేగన్ హార్ట్ వెనకే తొక్కి చివర్లో స్టేజ్ గెలిచాడు. ఆ సాయంత్రం జొవావ్ అల్మేదా నుంచి గులాబీ జెర్సీ కెల్డర్‌మన్‌కి వచ్చింది. రెండో స్థానంలో హిండ్లీ 12 సెకన్ల వెనుక, గేగన్ హార్ట్ 15 సెకన్ల వెనుక. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన జట్టుకు చివరికి ఏ పడవా మిగల్లేదు. ఆ నిర్ణయం తప్పని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఎవరో ఒకర్ని ఎంచుకుని ఉంటే ఆ జిరో సన్‌వెబ్‌దే అయ్యేదేమో.

రెండు రోజుల తర్వాత సెస్త్రియేరే. కోవిడ్ వల్ల ఫ్రాన్స్ వైపు కనుమలు తీసేసి, అదే కొండను మూడుసార్లు ఎక్కించారు. మళ్లీ డెన్నిస్ ముందు, మళ్లీ కెల్డర్‌మన్ వెనక. హిండ్లీ మళ్లీ మళ్లీ వేగం పెంచి ముందుకు దూసుకెళ్లబోయాడు, గేగన్ హార్ట్ ప్రతిదానికీ బదులిచ్చి చివర్లో స్టేజ్ కూడా గెలిచాడు. లెక్క తేల్చి చూస్తే మూడు వారాల తర్వాత ఇద్దరి సమయమూ సెకనుతో సహా ఒక్కటే. గ్రాండ్ టూర్ చరిత్రలో చివరి రోజు ముందు అలా ఎప్పుడూ కాలేదు. అదే జిరోలో అంతకు ముందు జరిగిన టైమ్ ట్రయల్స్‌లో, అంటే ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే స్టేజ్‌లలో, సెకనులో వందో వంతులు లెక్కేసి గులాబీ జెర్సీ హిండ్లీకి తొడిగారు.

దాన్ని వేసుకుని అతను తొక్కింది ఒకే ఒక్క రోజు. మిలాన్‌లో 15.7 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. అందులో గేగన్ హార్ట్ మెరుగైనవాడని అందరికీ తెలుసు, హిండ్లీకీ తెలుసు. 39 సెకన్లు పోయాయి, జిరో పోయింది. కెల్డర్‌మన్ మూడో స్థానంలో మిగిలాడు.

ఆస్ట్రేలియన్లకు ఇలాంటి దెబ్బ కొత్త కాదు. 2002లో కాడెల్ ఎవాన్స్ తన మొదటి జిరోలోనే గులాబీ జెర్సీ వేసుకుని, మర్నాడే పాస్సో కోయె కొండ మీద కుప్పకూలి పదిహేను నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు. అదే ఎవాన్స్ తర్వాత టూర్ ద ఫ్రాన్స్‌లో 2007లో 23 సెకన్లతో, 2008లో 58 సెకన్లతో రెండో స్థానంలో ఆగి, 2011లో గెలిచాడు. ఆ దారి ఎంత పొడవో అక్కడి సైక్లింగ్ అభిమానులకు తెలుసు కాబట్టే 24 ఏళ్ల హిండ్లీని ఎవరూ ఓడిపోయినవాడిగా చూడలేదు.

2021 మాత్రం చేదుగా గడిచింది. సీటు రాపిడికి పుండు పడి, జిరో మధ్యలో, జొంకొలాన్ స్టేజ్‌కి ముందే తప్పుకోవాల్సి వచ్చింది. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, రోజుకు ఐదారు గంటలు జీను మీద కూర్చునే మనిషికి అది నిద్ర కూడా పట్టనివ్వదు. ఆ ఏడాది చివర జట్టు మారి బోరా హన్స్‌గ్రోహెకి వెళ్లాడు. అక్కడ ఎదురైంది ఎవరో కాదు, ఏడాది ముందే చేరిన కెల్డర్‌మన్.

2022 జిరోకి బోరా ముగ్గురు లీడర్లతో వచ్చింది: కెల్డర్‌మన్, ఇమాన్యుయెల్ బుక్‌మన్, హిండ్లీ. మే 15న తొమ్మిదో స్టేజ్ బ్లాక్‌హౌస్ మీద ముగిసింది. అబ్రుజ్జోలోని కొండ అది. హిండ్లీ అక్కడ కరపాజ్‌ని స్ప్రింట్‌లో ఓడించి గెలిచాడు. అదే రోజు సైకిల్ ఇబ్బందితో కెల్డర్‌మన్ చాలా సమయం పోగొట్టుకున్నాడు, అక్కడి నుంచి జట్టు మొత్తం హిండ్లీ వెనుక నిలబడింది. ఈసారి పడవ ఒక్కటే. ఫెదాయా రోజున ముందు గుంపులో స్టేజ్ గెలుపు కోసం వెళ్లిన లెన్నార్డ్ కేమ్నా ఆగి, హిండ్లీ వచ్చేదాకా ఉండి, తన ఆఖరి శక్తి అంతా అతని కోసం ఖర్చు చేశాడు. 2020లో సెస్త్రియేరే మీద హిండ్లీకి లేనిది అదే.

మే 29న వెరోనాలో మళ్లీ చివరి రోజు టైమ్ ట్రయల్, మళ్లీ గులాబీ జెర్సీ. ఈసారి చేతిలో 85 సెకన్లు ఉన్నాయి. కరపాజ్ వెనక్కి తీసుకోగలిగింది ఏడు. రోమన్ల కాలం నాటి రంగస్థలంలోకి హిండ్లీ సైకిల్ మీద వచ్చేసరికి, రెండేళ్లకు పైగా చూడని అమ్మానాన్నలు పెర్త్ నుంచి వచ్చి అక్కడ ఉన్నారు.