తూము కాడ నీరటికాడు

బిడ్డలారా,

స్కాలర్‌షిప్ ఫారం నింపుతూ మీరు అడిగిన ప్రశ్న అందింది. "జిల్లా నల్లగొండ అని ఎంచుకోగానే మండలాల పట్టీ దానంతటదే మారింది. పేజీ మళ్లీ తెరుచుకోలేదు. ఎట్లా తాతా?"

మా చిన్నప్పుడు చెరువు తూము కాడ నీరటికాడు ఉండేవాడు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో అతనికే ఎరుక. ఫారాన్ని చెరువు అనుకోండి, సబ్మిట్ బటన్ తూము, ఫారం చేరే అవతలి కంప్యూటర్, అంటే సర్వర్, ఆయకట్టు. బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్టే ఆ నీరటికాడు. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ దాని తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశాడు. అది లేనప్పుడు చిన్న తప్పున్నా ఫారం సర్వర్ దాకా పోయి తిరిగొచ్చేది.

నీరటికాడిని కూర్చోబెట్టడానికి యాడ్‌ఈవెంట్‌లిజనర్ అనే మాట వాడతారు. జిల్లా పట్టీ మీద 'ఛేంజ్' (మార్పు) కోసం కాపలా పెడితే, జిల్లా మారిన క్షణాన మీరు రాసిన పని నడుస్తుంది. ఆ పనిలో మొదట పాత మండలాలన్నీ తీసేయాలి, తర్వాత 'మండలం ఎంచుకోండి' అన్న ఖాళీ వరుస పెట్టాలి, ఆ తర్వాతే కొత్తవి నింపాలి. తీసేయడం మరిచితే, దేవరకొండ ఎంచుకున్న పిల్లవాడు జిల్లాను సూర్యాపేటకు మార్చినా దేవరకొండ అట్లనే ఉండిపోతుంది. మడి మారింది, కాలువ మారలేదన్నట్టు. పట్టీని ఒక్క చోటే రాసి పెట్టుకోండి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట, యాదాద్రి వేరు జిల్లాలయ్యాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వచ్చింది. జాబితా నాలుగు చోట్ల ఉంటే ఏదో ఒకటి పాతబడే ఉంటుంది.

ఇక తూము సంగతి. ఫారం మీద 'సబ్మిట్' కోసం కాపలా పెట్టి, తప్పు కనబడితేనే ప్రివెంట్‌డిఫాల్ట్ అని పిలవాలి. అది తూము మూయడం. కొందరు ముందే మూసేసి, అంతా సరిగ్గా ఉన్నాక కోడ్‌లోంచి ఫారం.సబ్మిట్ అని పిలుస్తారు. అట్లా పిలిస్తే గడులు సరిగ్గా నింపారో లేదో చూసే ఏ పరీక్షా జరగదు, సబ్మిట్ కాపలా కూడా మేలుకోదు. నీరటికాడిని దాటేసి గండి కొట్టినట్టే. తప్పనిసరైతే రిక్వెస్ట్‌సబ్మిట్ వాడండి, అది కాపలాదారు ముందు నుంచే పోతుంది.

ఫోన్ నంబరు గడిని 'నంబర్' రకంగా పెట్టకండి. అందులో పది అంకెల హద్దు (మాక్స్‌లెంత్) పనిచేయదు, మొదట ఉన్న సున్నా కూడా పోయే ప్రమాదం ఉంది. 'టెల్' రకం పెట్టి, మొదటి అంకె 6 నుంచి 9 లోపు, తర్వాత తొమ్మిది అంకెలు అని నియమం రాయండి.

ఎక్కువమంది తలపట్టుకునేది దాచిన గడి దగ్గర. కులం సర్టిఫికెట్ నంబరు గడిని కనబడకుండా చేసి, దాని మీద 'రిక్వైర్డ్' (తప్పక నింపాలి) అన్న గుర్తు అట్లనే వదిలేస్తారు. అప్పుడు సబ్మిట్ నొక్కితే ఏమీ జరగదు, తప్పు చెప్పే ఎర్రమాట కూడా కనబడదు. దాచినప్పుడు దాన్ని 'డిజేబుల్డ్' చేయాలి, అంటే పనిచేయకుండా ఆపేయాలి, అప్పుడు పరీక్షా ఉండదు, దాని విలువా సర్వర్‌కు వెళ్లదు. ఈ రెండో మాట గుర్తుంచుకోండి. మార్చొద్దని జిల్లా గడిని డిజేబుల్డ్ చేస్తే, జిల్లా పేరే సర్వర్‌కు చేరదు!

ఎంత మంచి నీరటికాడైనా ఎవరో ఒకరు బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఆపేయగలరు. కాబట్టి అవే పరీక్షలు ఆయకట్టు కాడ, సర్వర్‌లో, మళ్లీ ఉండాలి. పక్కవాడి ఫారాన్ని చెడగొట్టడానికి ఈ విద్య వాడొద్దు.

ఇంతకన్నా చెప్పను. నోట్‌ప్యాడ్‌లో రెండు పట్టీల ఫారం రాసి, డాట్ హెచ్‌టీఎంఎల్ పేరుతో దాచి, బ్రౌజర్‌లో తెరవండి. ఎఫ్12 నొక్కి, కోడ్‌లో తప్పులు చూపే కన్సోల్ చూస్తూ జిల్లా మార్చండి. పాత మండలాలు తీసే వరుసను కావాలనే కొట్టేసి, దేవరకొండ ఎంచుకుని, సూర్యాపేటకు మారండి. మండలం గడిలో ఏం మిగిలిందో చూసి నాకు రాయండి.

మీ తాత