ఇంట్లో రీలోడింగ్ ప్రెస్: ఫోటో చూపించే ముందు తెలుసుకోవాల్సిన అపోహలు, వాస్తవాలు

"ఏ ప్రెస్ కొనమంటారు?" అని అడిగేవాళ్లు ముందు ఫోన్‌లో ఫోటో చూపిస్తారు. ఆకుపచ్చదో, ఎర్రదో, నీలందో ఒక ఇనుప దిమ్మ, దానికో పొడవాటి హ్యాండిల్. పేల్చిన తూటా ఖాళీ గొట్టాన్ని (దాన్నే కేసు అంటారు) మళ్లీ నింపే పనిముట్టు అది. "లైసెన్సు ఉంది, పేల్చిన కేసులు డబ్బా నిండా ఉన్నాయి, ఇంట్లోనే మళ్లీ నింపుకుంటే డబ్బు మిగులుతుంది కదండీ" అంటారు. తుపాకుల కౌంటర్ దగ్గర ఈ మాట గుంటూరులోనూ ఇదే, బెజవాడలోనూ ఇదే. ప్రెస్ సంగతి తర్వాత. మీరు ఉండేది ఇక్కడ అరండల్‌పేటా, అమెరికాలో డాలసా? దాన్నిబట్టే జవాబు.

అపోహ: ప్రెస్ ఉత్త ఇనుప పనిముట్టు. తుపాకీ మందు, దాన్ని అంటించే ప్రైమర్ లేనంతవరకు దానికి లైసెన్సు ఎందుకు?

వాస్తవం: మనిషిని నిలువునా ముంచేది ఈ అపోహే. 1959 ఆయుధాల చట్టంలో 'ఆమ్యునిషన్' అంటే ఏమిటో సెక్షన్ 2(1)(బి) చెబుతుంది. అందులో తూటాలతో పాటు తూటా విడిభాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే గుప్పెడు మందు లేకపోయినా, ఖాళీ ప్రెస్ ఒక్కటే ఇంట్లో ఉన్నా, చట్టం లెక్కలో అది ఆమ్యునిషనే. తయారీకి, కొనడానికి, అమ్మడానికి సెక్షన్ 5 విడిగా లైసెన్సు అడుగుతుంది. అది లేకుండా ఆ పనులు చేస్తే 2019 సవరణ తర్వాత సెక్షన్ 25 కింద తక్కువలో తక్కువ ఏడేళ్లు, ఎక్కువైతే యావజ్జీవం.

"నా దగ్గర గన్ లైసెన్సు ఉంది కదా" అంటారు. ఒకసారి ఆ పుస్తకం తెరిచి చూడండి. తుపాకీ వివరాలు, తూటాలు ఎన్ని కొనొచ్చు, ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చు, ఇవే ఉంటాయి. తయారుచేసుకోవచ్చన్న మాట అందులో ఎక్కడా ఉండదు. పైగా తూటా ఎక్కడిదో చెప్పేది డీలర్ ఎంట్రీ. ఇంట్లో నింపిన తూటాకి ఆ ఎంట్రీ ఎక్కడి నుంచి తెస్తారు? ఇక మందు, ప్రైమర్ విషయానికొస్తే పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి నిబంధనలు అదనం.

ఈమధ్య దీనికే ఇంకో రూపం వచ్చింది. ప్రెస్ కొనడం ఎందుకు, డ్రాయింగ్ ఇస్తే ఆటోనగర్‌లో లేత్ మీద డై (కేసు దూరే అచ్చు) తీయించుకోవచ్చట. దయచేసి ఆ పని చేయొద్దు. ఏం చేస్తున్నాడో తెలియని ఆ లేత్ కుర్రాడిని కూడా పోలీసు కేసులోకి లాగినవాళ్లవుతారు. "వెబ్‌సైట్‌వాళ్లు ఇంటికి పంపుతామన్నారు" అన్నదీ అంతే. వాళ్లు పంపగలరు, నిజమే. విదేశం నుంచి వచ్చే ఆమ్యునిషన్‌కి దిగుమతి లైసెన్సు కావాలని సెక్షన్ 10 చెబుతోంది. పెట్టె మీద 'హార్డ్‌వేర్' అని రాసినంత మాత్రాన లోపలి వస్తువు మారదు. అమెరికా నుంచి తిరిగొచ్చేస్తూ పాత ప్రెస్‌ని సామాన్లలో పెడదామనుకునేవాళ్లకూ ఇదే మాట. అక్కడే అమ్మేసి రండి.

అసలు ఇక్కడ అడిగేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది 12 బోరు తుపాకీ. ఫోటోలోని ప్రెస్ ఇత్తడి కేసులది, ప్లాస్టిక్ 12 బోరు కేసుకి అది పనికే రాదు. దానికి వేరే రకం ప్రెస్ ఉంటుంది. ఏడేళ్ల శిక్షకు తెగించి తెచ్చుకున్నా పని జరగదన్నమాట.

అపోహ: అమెరికాలో ఎవరైనా కొనుక్కోవచ్చు, మా అబ్బాయి అక్కడే ఉన్నాడు.

వాస్తవం: అబ్బాయి ఏ వీసా మీద ఉన్నాడు? హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వెళ్లినవాళ్లు తుపాకీ గానీ ఆమ్యునిషన్ గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు, ఇంకో రెండు మూడు అరుదైన సందర్భాలూ ఉన్నాయి. శిక్ష 15 ఏళ్ల దాకా. అక్కడ ఆమ్యునిషన్ నిర్వచనం మనదానికి కాస్త వేరు. ప్రెస్ అందులో లేదు, కానీ ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్ (తూటా ముందుండే గుండు), మందు నాలుగూ విడివిడిగా కూడా ఆమ్యునిషనే. ప్రెస్ తెచ్చుకున్నవాడు ఆ వారంలోనే ప్రైమర్ల పెట్టె కొనకుండా ఉంటాడా? గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగమనండి.

గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉన్నవాళ్లు సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మితే మాత్రం కావాలి. రాష్ట్రం నిబంధనలు వేరే చూసుకోవాలి. వాళ్లకైతే ప్రెస్ గురించి చెప్పొచ్చు.

అపోహ: ప్రోగ్రెసివ్ ప్రెస్ ఖరీదైంది కాబట్టి మంచిది.

వాస్తవం: ఖరీదు నిజమే. హ్యాండిల్ ఒక్కసారి లాగితే ఒక తూటా పూర్తవుతుంది, అదీ నిజమే. మొదటి ప్రెస్‌గా మాత్రం అది వద్దు. లాగినప్పుడల్లా ఒక్క దశే చేసే సింగిల్ స్టేజ్‌లో ఏం జరుగుతుందో చూడండి. హ్యాండిల్ కిందికి లాగితే ర్యామ్ అనే నిలువు కడ్డీ పైకి లేస్తుంది. దాని మీది షెల్ హోల్డర్‌లో నిలబెట్టిన కేసు డైలోకి దూరుతుంది. పేలినప్పుడు ఉబ్బిన కేసు మళ్లీ కొలతకొస్తుంది, డై మధ్యలోని పిన్ను పాత ప్రైమర్‌ని కిందికి నెట్టేస్తుంది. ఒక్కో దశా చేతికి తెలుస్తుంది. యాభై కేసులకూ మందు పోశాక చెక్క బ్లాకులో వరుసగా నిలబెట్టి, టార్చి వేసి అన్నిటిలోకీ ఒకేసారి తొంగిచూడొచ్చు. ఒకదానిలో మట్టం తేడాగా ఉంటే అక్కడే కనబడుతుంది.

ప్రోగ్రెసివ్‌లో నాలుగైదు పనులు ఒకేసారి నడుస్తాయి. ఎక్కడో ఒక కేసు ఇరుక్కుంటే హ్యాండిల్ సగంలో ఆగుతుంది. కొత్తవాడు కంగారుగా వెనక్కి తీసి మళ్లీ లాగుతాడు. అప్పుడే ఒక కేసులో మందు రెండుసార్లు పడుతుంది, లేదా అసలు పడదు. రెండుసార్లు పడింది తుపాకీనే పగలగొట్టగలదు. అసలు పడనిది ఇంకా దొంగది. ప్రైమర్ బలానికే బుల్లెట్ బ్యారెల్లోకి దూరి మధ్యలో ఆగిపోతుంది, మోత 'టప్' అని మెత్తగా వస్తుంది. అది గమనించక రెండోది పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, చీలొచ్చు కూడా. మెత్తటి మోత వినబడితే ఆపాలి, ఖాళీ చేయాలి, బ్యారెల్ చూడాలి.

కాబట్టి పోత ఇనుముతో చేసిన, 'ఓ' ఆకారపు ఫ్రేము ఉన్న సింగిల్ స్టేజ్ తీసుకోండి. ముందువైపు తెరిచి ఉండే 'సి' ఫ్రేము పెద్ద రైఫిల్ కేసుల బరువుకి కొద్దిగా వంగుతుంది. డై మర 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు ఉండేది చూసుకుంటే రేపు ప్రెస్ మార్చినా డైలు పనికొస్తాయి. బల్లకి బోల్టులు ఆరపార వెయ్యాలి. పార్టికల్ బోర్డు బల్ల అయితే హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ముందు అంచు కదులుతుంది.

మిగతావి గబగబా. కార్బైడ్ డైతో పిస్టల్ కేసులకి నూనె అక్కర్లేదు, మెడ సన్నగా ఉండే రైఫిల్ కేసులకి తప్పదు, లేకపోతే కేసు డైలో బిగుసుకుంటుంది. రీలోడ్ చేస్తే తూటాకి బలం పెరుగుతుందన్నది పుకారు. మాన్యువల్‌లో అచ్చైన కొలతే కొలత, ఫోరంలో ఎవరో రాసింది కాదు. పాత ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది, వంటింటి బల్ల మీద ఈ పని వద్దు, చిన్నపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

చివరగా భయపడుతూ వచ్చేవాళ్లు. నాన్నగారు పోయారు, బీరువాలో ఆయన 12 బోరు, పాత అట్ట తూటాలు, డబ్బాలో ఖాళీ కేసులు ఉన్నాయి. "ఇప్పుడు నేను నేరస్తుణ్ణా?" అని అడుగుతారు. ఆయన లైసెన్సు ఉంది, మీరు దాచలేదు, కంగారు పడకండి. తెలిసి దగ్గర పెట్టుకోవడమే నేరానికి ఆధారమని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. అయితే ఇప్పుడు మీకు తెలిసింది కాబట్టి ఆలస్యం చేయకూడదు. సెక్షన్ 21 ప్రకారం దగ్గరి పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చెయ్యాలి. తూటాలు విప్పొద్దు, తుడవొద్దు, రైవస్ కాలువలో పారేయొద్దు. తేమకి ఉబ్బిన అట్ట తూటా ఛాంబర్‌లో ఇరుక్కుంటుంది, పనిచేస్తుందో లేదోనని ఎక్కించి చూడొద్దు. లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం పట్టుకెళ్లండి. రసీదులో తుపాకీ నంబరు, తూటాల లెక్క, ఖాళీ కేసుల లెక్క మూడూ రాయించుకుని, అక్కడే సరిచూసుకుని బయటికి రండి.