పాత కంప్యూటర్లకు తేలికపాటి లినక్స్: పరీక్షించే చేతులు తగ్గిన కథ

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొంత కొత్త తరం ప్రాసెసర్ తప్పనిసరి కావడంతో, చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో ఆ ఒక్క తేదీతో పాతవైపోయాయి. వాటి యజమానుల్లో కొందరి చూపు తేలికపాటి లినక్స్ పంపిణీల వైపు, అంటే తక్కువ శక్తి గల యంత్రాల్లోనూ నడిచేలా లినక్స్‌నూ ప్రోగ్రామ్‌లనూ కలిపి కట్టిన వ్యవస్థల వైపు మళ్ళింది. అయితే అంతకు రెండు నెలల ముందే, ఆగస్టు 9న, ఇలాంటి పంపిణీల్లో చాలావాటికి పునాది అయిన డెబియన్ తన 13వ విడుదలను తెచ్చింది. అందులో 32-బిట్ ప్రాసెసర్లున్న పాత పీసీలకు ఇన్‌స్టాలరూ లేదు, వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నలూ లేదు. అడిగేవారు పెరిగే వేళకు పునాది ఎందుకు కుదించుకుపోయిందో తెలియాలంటే పాతికేళ్ళు వెనక్కి వెళ్ళాలి. పాత యంత్రం ముందు ఓపికగా కూర్చుని పరీక్షించే మనుషులు తగ్గిన ప్రతిచోటా ఈ పంపిణీలు వెనకడుగు వేశాయన్నది ఆ చరిత్ర చదివితే నాకు కలిగిన అభిప్రాయం.

1991లో లినస్ టోర్వాల్డ్స్ తన 386 కంప్యూటర్ మీద లినక్స్ కెర్నల్ రాసినప్పుడు తేలికపాటి లినక్స్ అనే మాటకు అర్థమే ఉండేది కాదు, ఎందుకంటే ఉన్నదంతా తేలికే. 1996లో కేడీఈ, ఎక్స్ఎఫ్‌సీఈ, 1997లో గ్నోమ్ మొదలయ్యాక డెస్క్‌టాప్, అంటే తెర మీద కిటికీలూ మెనూలూ చూపే భాగం, కెర్నల్‌తో సంబంధం లేకుండా తనంతట తాను పెరగసాగింది. కొత్త యంత్రాలు ఆ పెరుగుదలను మోయగలిగాయి. పాతవి మోయలేకపోయాయి. ఆ ఎడంలో పుట్టిందే ఈ ప్రత్యేక ధోరణి.

దానికి దారి వేసింది 2000లో క్లాస్ క్నాపర్ తెచ్చిన క్నాపిక్స్. హార్డ్ డిస్క్‌ను ముట్టకుండా సీడీ నుంచే నడిచే పూర్తి డెస్క్‌టాప్ అది. సమాచారాన్ని కుదించి సీడీలో ఉంచి, చదివేటప్పుడు విప్పుకునే పద్ధతి వల్ల అంత సాఫ్ట్‌వేర్ ఒకే సీడీలో ఇమిడింది. 2003లో బ్యారీ కౌలర్ మొదలుపెట్టిన పప్పీ లినక్స్ ఇంకో అడుగు ముందుకేసి, మొత్తం వ్యవస్థను ర్యామ్‌లోకి ఎక్కించుకుని నడిచేది. జాన్ ఆండ్రూస్ రూపొందించిన డ్యామ్ స్మాల్ లినక్స్ అయితే 50 ఎంబీ దాటకూడదని తనకు తానే గీత గీసుకుంది. విజిటింగ్ కార్డంత చిన్న సీడీలో పట్టే పరిమాణం అది. ఆ రోజుల్లో తేలిక అంటే డిస్క్ మీద పట్టే చోటు. ఒక ప్రోగ్రామ్‌ను చేర్చాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు కిలోబైట్లలో దొరికేది.

2007లో ఆసుస్ ఈ పీసీ రావడంతో కొలత మారింది. ఏడు అంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ నిల్వ ఉన్న ఆ చిన్న ల్యాప్‌టాప్ మొదటి నమూనా లినక్స్‌తోనే వచ్చింది. దాని తెర ఎత్తు 480 పిక్సెళ్ళు మాత్రమే. అప్పటి డెస్క్‌టాప్‌లలో చాలా సెట్టింగుల కిటికీలు అంతకంటే పొడవుగా ఉండేవి గనుక కింద ఉండే 'ఓకే' బటన్ తెరకు అడుగున కనిపించకుండా పోయేది. ఆల్ట్ మీట నొక్కి పట్టి మౌస్‌తో కిటికీని పైకి లాగితేనే అది బయటపడేది. పెద్ద తెర ముందు కూర్చుని ప్రోగ్రామ్ రాసినవారికి ఇలాంటి లోపం తట్టదు. ఆ యంత్రం ఒళ్ళో పెట్టుకుని వాడి చూసినవారికే తెలుస్తుంది. తైవాన్‌కు చెందిన హాంగ్ జెన్ యీ 2006లో మొదలుపెట్టిన ఎల్ఎక్స్‌డీఈ డెస్క్‌టాప్ ఈ చిన్న ల్యాప్‌టాప్‌ల కాలంలోనే బాగా వ్యాపించింది. కిటికీలను అమర్చే ఓపెన్‌బాక్స్ విండో మేనేజర్, పీసీమ్యాన్ ఫైల్ మేనేజర్, ఒక సాదా ప్యానెల్ కలిస్తే ఎల్ఎక్స్‌డీఈ.

2011 మరో మలుపు. ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన గ్నోమ్ 3, అదే నెలలో డెబియన్ మీద కట్టిన ఉబుంటు పంపిణీ డిఫాల్ట్‌గా పెట్టిన యూనిటీ, రెండూ గ్రాఫిక్స్ కార్డు మీద గట్టిగా ఆధారపడ్డాయి. ఐదారేళ్ళ నాటి మామూలు కంప్యూటర్ వాడేవారికి కూడా తమ యంత్రం ముసలిదైపోయిందన్న సంగతి అప్పుడు తెలిసొచ్చింది. గ్నోమ్ 2ను బతికించుకోవడానికి మాటే డెస్క్‌టాప్ పుట్టింది, అప్పట్లో ఎల్ఎక్స్‌డీఈతో వచ్చిన లుబుంటు ఆ ఏడాది 11.10 విడుదలతో ఉబుంటు అధికారిక కుటుంబంలో చేరింది. ఆ కుటుంబంలో చేరినందుకు లాభంతో పాటు ఒక బరువు కూడా వచ్చిపడింది: ఆరునెలలకు ఒక విడుదల, ప్రతి విడుదలకు ముందు పరీక్షలు, వాటి ఫలితాల నమోదు.

ఆ బరువు ఎలాంటిదో చెప్పడానికి పీఏఈ ఉదంతం చాలు. 32-బిట్ ప్రాసెసర్ 4 జీబీకి మించిన ర్యామ్‌ను వాడుకోవడానికి తోడ్పడే ఏర్పాటు పేరు పీఏఈ. 12.10 విడుదల నుంచి ఉబుంటు ఇది లేని ప్రాసెసర్లకు కెర్నల్ ఇవ్వడం మానేసింది. కాగితం మీద చూస్తే సబబైన నిర్ణయమే. అది లేనివన్నీ బాగా పాత చిప్‌లు. కానీ 2003 ప్రాంతంలో వచ్చిన ల్యాప్‌టాప్‌లలోని తొలి పెంటియం ఎమ్ ప్రాసెసర్లలో పీఏఈ ఉండీ, ఉన్నట్టు చెప్పేవి కావు. కెర్నల్ అడిగితే లేదనే జవాబిచ్చేవి. దాంతో సీడీ పెట్టగానే, అవసరమైన లక్షణం ఈ ప్రాసెసర్‌లో లేదన్న ఒక్క వాక్యం నల్లటి తెర మీద వచ్చి బూట్ అక్కడే ఆగిపోయేది. ఆ ల్యాప్‌టాప్‌లు దగ్గరున్న వాలంటీర్లే ఈ తిరకాసును పట్టుకున్నారు. ప్రాసెసర్ వివరాల ఫైల్‌లో పీఏఈ ఉన్నట్టు చూపించి దాన్ని దాటే ఉపాయాన్ని సిద్ధం చేశారు. చివరికి 14.04 నాటికి బూట్ సమయంలో 'ఫోర్స్‌పీఏఈ' అని టైపు చేస్తే సరిపోయే మార్గం అధికారికంగానే వచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో కోడ్ మార్పు చాలా చిన్నది. మార్పు అవసరమని కనిపెట్టడమే అసలు పని, దానికి ఆ ల్యాప్‌టాప్ ఎవరో ఒకరి బల్ల మీద ఉండాల్సి వచ్చింది.

ఈలోగా పంపిణీని కట్టడం మాత్రం సులువవుతూ వచ్చింది. ఫిలిప్ లాఫర్ రాసిన స్క్వాష్ఎఫ్ఎస్ 2009లో, ఓవర్‌లేఎఫ్ఎస్ 2014లో ప్రధాన కెర్నల్‌లో చేరాయి. మొదటిది మొత్తం వ్యవస్థను మార్చడానికి వీల్లేని ఒకే కుదించిన ఫైల్‌గా మారుస్తుంది. రెండోది దాని మీద పలచని పొరను పరిచి, వాడేవారు చేసిన మార్పులను ఆ పొరలో ఉంచుతుంది. ఇప్పుడు డెబియన్ ఆధారంగా పంపిణీ చేయాలంటే పని ఇంతే: డీబూట్‌స్ట్రాప్ అనే సాధనంతో ఒక ఖాళీ డైరెక్టరీలో మూల వ్యవస్థను దించాలి, క్రూట్ ఆదేశంతో అందులోకి వెళ్ళి కావలసిన ప్యాకేజీలు చేర్చి అక్కరలేనివి తీసేయాలి, దాన్ని స్క్వాష్ఎఫ్ఎస్‌గా కుదించి, కంప్యూటర్ ఆన్ కాగానే వ్యవస్థను లేపే బూట్‌లోడర్ జోడించి, ఐఎస్ఓ అనే ఒకే డిస్క్ ఫైల్‌గా కట్టాలి. లైవ్-బిల్డ్ అనే సాధనం ఈ పని మొత్తాన్ని ఒక్క ఆదేశంతో చేసిపెడుతుంది. కెర్నల్ కంపైల్ చేయడం ఎలాగో తెలియనివారు సైతం ఒక సాయంత్రంలో సొంత ఐఎస్ఓ తయారుచేయగలరు. ఇది మంచిదే. అయితే ఏ ప్యాకేజీని తీసేయాలన్న నిర్ణయం మాత్రం ఏ సాధనమూ తీసుకోలేదు, అక్కడ పొరపాట్లు తరచుగా జరుగుతాయి. పరిమాణం తగ్గించాలన్న తొందరలో ఎక్కువగా వేటు పడేది లాటినేతర లిపుల ఫాంట్లు, కీబోర్డు ఏర్పాట్లు, చూపు సరిగా లేనివారికి తోడ్పడే స్క్రీన్ రీడర్ల మీద. వాటిని తీసి మిగిల్చుకున్న కొన్ని పదుల మెగాబైట్ల కోసం ఒక వర్గం వాడుకరులు మొత్తం బయటే ఉండిపోవడం నాకు న్యాయంగా అనిపించదు.

కట్టిన ఐఎస్ఓను పరీక్షించడం రెండంచెల పని. మొదట వర్చువల్ మెషిన్, అంటే సాఫ్ట్‌వేర్‌తో అనుకరించిన కంప్యూటర్: క్యూఈఎమ్‌యూ అనే ప్రోగ్రామ్‌లో ర్యామ్‌ను 512 ఎంబీకి బిగించి బూట్ చేస్తే, ఇన్‌స్టాలర్ మధ్యలో చతికిలపడుతుందో లేదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఓపెన్‌క్యూఏ వంటి వ్యవస్థలైతే తెర మీద ఏం కనిపిస్తోందో పోల్చి చూసుకుంటూ ఈ పనిని మనిషి లేకుండానే చేస్తాయి. ఓపెన్‌సూసే, ఫెడోరా పంపిణీలు దాన్ని ఏళ్ళుగా వాడుతున్నాయి. కానీ వర్చువల్ మెషిన్‌లో వై-ఫై చిప్ ఉండదు, మూత వేస్తే నిద్రపోయి తెరిస్తే లేవాల్సిన ల్యాప్‌టాప్ ఉండదు, తెర వెలుతురు తగ్గించే మీట ఉండదు. అందుకే రెండో అంచె నిజమైన యంత్రం. అదే ఐఎస్ఓను యూఎస్‌బీలో రాసి పెట్టి, బూట్ అయ్యాక టెర్మినల్‌లో ఎంత ర్యామ్ మిగిలిందో చూసి రాసుకోవాలి. బ్రౌజర్‌లో ఒక వీడియో తెరిచి మళ్ళీ చూడాలి. మూత మూసి, ఐదు నిమిషాలాగి, తెరవాలి. తెర నల్లగానే ఉండిపోతే అది గ్రాఫిక్స్ డ్రైవర్ తప్పా, కెర్నల్ తప్పా అన్నది తేల్చడానికి పాత కెర్నల్‌తో మళ్ళీ మొదటి నుంచి రావాలి. విడుదలకు రెండు రోజుల ముందు ఒక్క ప్యాకేజీ మారినా ఐఎస్ఓ కొత్తగా కట్టాలి, పరీక్షలన్నీ తిరగదోడాలి. జీతం లేకుండా ఈ పని చేసేవారు ఏ పంపిణీలోనైనా వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే ఉంటారు.

వై-ఫై సమస్య మాత్రం ఒక కొలిక్కి వచ్చింది. వై-ఫై వంటి చిప్‌లను నడిపే, స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చవచ్చని డెబియన్ సభ్యులు 2022లో ఓటేశారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమలైంది.

32-బిట్ విషయంలో జరిగింది దీనికి పూర్తిగా తారుమారు. 2016లో గూగుల్ క్రోమ్ 32-బిట్ లినక్స్‌ను వదిలేసింది. 2017లో డెబియన్ 9 తొలి పెంటియం తరం చిప్‌లను పక్కనపెట్టింది, అదే ఏడాది ఉబుంటు 17.10 నుంచి 32-బిట్ డెస్క్‌టాప్ ఐఎస్ఓ ఆపేసింది. పాత యంత్రాలకే అంకితమనిపించుకున్న లుబుంటు కూడా 2018 డిసెంబర్‌లో, తర్వాతి విడుదలైన 19.04 నుంచి 32-బిట్ ఉండదని ప్రకటించింది. 2019 జూన్‌లో ఉబుంటు 32-బిట్ ప్యాకేజీలను సైతం పూర్తిగా తీసేస్తామంటే, స్టీమ్‌లో ఆటలు ఆడేవారి నుంచీ విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే వైన్ వాడేవారి నుంచీ వచ్చిన నిరసనతో కొన్ని లైబ్రరీలను ఉంచడానికి ఒప్పుకుంది. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఆ లైబ్రరీలు మిగిలింది 64-బిట్ యంత్రాలలో ఆటల కోసం. పాత ల్యాప్‌టాప్ యజమానుల గొంతు అంత గట్టిగా వినిపించలేదు. కంపైల్ చేసే సర్వర్‌కు 32-బిట్ ప్యాకేజీ మరో వరుస పని మాత్రమే, కానీ దాన్ని నిజమైన యంత్రంలో పెట్టి 'ఇది పనిచేస్తోంది' అని పూచీపడే మనిషి లేకపోతే దాన్ని విడుదల చేసే ధైర్యం ఏ బృందానికీ ఉండదు. 2025లో మొజిల్లా కూడా 32-బిట్ లినక్స్‌కు ఫైర్‌ఫాక్స్ 144 చివరిదని చెప్పింది.

బ్రౌజర్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. ఖాళీ డెస్క్‌టాప్ ఎంత ర్యామ్ తింటుందన్న పోటీలో పంపిణీలు చాలా కాలం గడిపాయి. నా ఉద్దేశంలో ఆ అంకెకు ఇప్పుడు పెద్దగా విలువ లేదు. ఒక్క వెబ్ పేజీ తెరవగానే డెస్క్‌టాప్‌లో పొదుపు చేసిందంతా కరిగిపోతుంది. 2014లో ప్రధాన కెర్నల్‌లో చేరిన జెడ్‌ర్యామ్, అంటే ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి వాడుకునే ఏర్పాటు, తక్కువ ర్యామ్ ఉన్న యంత్రాలకు విండో మేనేజర్ మార్చినదాని కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మనుషుల మీద ఆధారపడటమంటే ఏమిటో క్రంచ్‌బ్యాంగ్ చూపించింది. ఓపెన్‌బాక్స్‌తో అందంగా, పొదుపుగా ఉండే ఆ పంపిణీని ఫిలిప్ న్యూబరో 2008 నుంచి దాదాపు ఒంటిచేత్తో నడిపి, 2015 ఫిబ్రవరిలో ఆపేశారు. వాడుకరులు దాన్ని వదల్లేదు. బన్సెన్‌ల్యాబ్స్, క్రంచ్‌బ్యాంగ్‌ప్లస్‌ప్లస్ అనే రెండు వారసత్వాలు పుట్టాయి. ఏళ్ళ తరబడి కదలిక లేకుండా ఉన్న డ్యామ్ స్మాల్ లినక్స్ 2024లో మళ్ళీ తెర మీదికి వచ్చింది. ఈసారి అది సొంతంగా కట్టుకోకుండా యాంటిఎక్స్ అనే మరో తేలికపాటి పంపిణీని పునాదిగా తీసుకుంది, 50 ఎంబీ గీతను ఒక సీడీలో పట్టే 700 ఎంబీకి జరిపింది. ఆ రెండు అంకెల మధ్య దూరమే ఇన్నేళ్ళలో వెబ్ ఎంత బరువెక్కిందో చెబుతుంది.

తర్వాతి వంతు వేలాండ్‌ది. ప్రోగ్రామ్‌ల కిటికీలను తెర మీద చూపించే ఎక్స్ సర్వర్ స్థానంలోకి వస్తున్న ఈ పద్ధతికి 2024 నవంబర్‌లో ఎల్ఎక్స్‌డీఈ వారసుడైన ఎల్ఎక్స్‌క్యూటీ 2.1, డిసెంబర్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ 4.20 ప్రయోగాత్మకంగా తలుపు తెరిచాయి. పదిహేనేళ్ళ నాటి గ్రాఫిక్స్ చిప్‌లలో అది ఎలా నడుస్తుందో ఏ సర్వరూ చెప్పలేదు. ఆ చిప్ ఉన్నవారే వాడి చూసి చెప్పాలి.

ఇక 32-బిట్ యంత్రం ఉన్నవారికి డెబియన్ 13 విడుదల పత్రం ఇచ్చిన సలహా సూటిగానే ఉంది: ఈ విడుదలకు మారవద్దు, వీలైతే 64-బిట్‌గా మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోండి, లేదంటే యంత్రానికి విశ్రాంతి ఇవ్వండి. 64-బిట్ ప్రాసెసర్ ఉండి కూడా అప్పట్లో 32-బిట్ వ్యవస్థ పెట్టుకున్నవారికి ఈ మాటలో మొదటి సగం నిజంగా పనికొస్తుంది, ముందుగా తేల్చుకోవాల్సిందీ అదే: టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ అని కొడితే, ప్రాసెసర్ ఏయే విధాలలో నడవగలదో చెప్పే వరుసలో 64-బిట్ కనిపిస్తుందో లేదో తెలుస్తుంది. కనిపించని పెంటియం ఎమ్‌ల వంటివాటికి డెబియన్ 12 మీద కట్టిన పంపిణీలు మిగిలాయి. డెబియన్ 12 దీర్ఘకాలిక మద్దతు గడువు 2028 జూన్.