జుట్టు మాత్రకీ మెదడుకీ ఏమిటి సంబంధం?

విజయవాడలో పాతికేళ్ల కుర్రాడికి నుదురు పైకి జరగడం మొదలైతే ఇంట్లో ముందు తిట్లు తినేది బోరు నీళ్లు, ఆ తర్వాత హెల్మెట్, ఆ తర్వాత ఫోన్. మగవాళ్లకి వచ్చే మామూలు బట్టతలకి వీటితో పెద్దగా సంబంధం లేదు. వంశంలో వచ్చిన జన్యువులు, డీహెచ్‌టీ అనే హార్మోన్ కలిసి చేసే పని అది. 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ని డీహెచ్‌టీగా మారుస్తుంది, దానికి లొంగే గుణం పుట్టుకతోనే ఉన్న కుదుళ్లు ఏడాదికేడాది సన్నబడిపోతాయి. ఆ ఎంజైమ్‌ని అడ్డుకునే మందే ఫినాస్టరైడ్. అమెరికాలో 1992లో ప్రోస్టేట్ గ్రంథి పెరిగిపోవడానికి 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997లో బట్టతలకి 1 మిల్లీగ్రాము మాత్రగా అనుమతి వచ్చింది. రోజూ వేసుకుంటే రక్తంలో డీహెచ్‌టీ సుమారు 70 శాతం తగ్గుతుంది, చాలామందికి జుట్టు ఊడటం నెమ్మదిస్తుంది, కొందరికి మళ్లీ మొలుస్తుంది కూడా. మందు పనిచేస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. నా బాధల్లా ఒకటే: మన దగ్గర ఈ స్ట్రిప్ చాలాసార్లు డాక్టర్ చీటీ లేకుండానే చేతికొచ్చేస్తుంది, వేసుకునేవాడి మనసు ఎలా ఉందో అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

మనసు సంగతి ఎందుకు అడగాలంటే, ఆ ఎంజైమ్ మెదడులో కూడా ఉంటుంది. అక్కడ అది ప్రొజెస్టిరాన్ మీద పనిచేస్తుంది (ఇది ఆడవాళ్ల హార్మోన్ అని పేరుపడింది గానీ మగవాళ్లలోనూ ఉంటుంది), ఇంకో ఎంజైమ్ దాన్ని అందుకుని అల్లోప్రెగ్నెనలోన్ అనే పదార్థంగా మారుస్తుంది. నాడీకణాలు మితిమీరి రెచ్చిపోకుండా పట్టి ఉంచే గాబా వ్యవస్థ బండికి బ్రేకు లాంటిదనుకుంటే, ఆ బ్రేకు ఇంకాస్త గట్టిగా పట్టేలా చేసేది ఇదే. నిద్ర, ఆందోళన, దిగులు అన్నిటిలోనూ దీని చెయ్యి ఉంది. ఇదే పదార్థాన్ని బ్రెక్సనోలోన్ పేరుతో మందుగా తయారుచేసి, కాన్పు తర్వాత డిప్రెషన్‌లోకి వెళ్లిన తల్లులకి సెలైన్‌లా 60 గంటలపాటు ఎక్కించడానికి 2019లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఎక్కిస్తే దిగులు తగ్గించే పదార్థం తయారీకి అడ్డం పడితే ఏమవుతుంది అన్న ప్రశ్న అందుకే వచ్చింది.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఈ ఎంజైమ్‌లో రకాలున్నాయి, మనిషి మెదడులో ఎక్కువగా ఉండేది మొదటి రకం, ఫినాస్టరైడ్ గట్టిగా అడ్డుకునేది రెండో రకాన్ని. ఎలుకల్లో అయితే అది రెండింటినీ అడ్డుకుంటుంది, కాబట్టి ఎలుకలకి మతిమరుపు వచ్చిందని ఎవరైనా చెబితే అది మనకి యథాతథంగా వర్తించదు.

మరి మనుషుల్లో ఏం కనిపించింది? దిగులు విషయంలో ఆధారాలు గట్టిపడుతూ వచ్చాయి. అమెరికాలో ఈ మందు సమాచార పత్రంలో 2011లో డిప్రెషన్ చేరింది, 2022లో ఆత్మహత్య ఆలోచనలు చేరాయి. 2025 మేలో యూరప్ ఔషధ సంస్థ నిపుణుల కమిటీ, ఆత్మహత్య ఆలోచనలు ఫినాస్టరైడ్ మాత్రల దుష్ప్రభావమేనని తేల్చింది, అలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం జుట్టు కోసం 1 మిల్లీగ్రాము వేసుకున్నవాళ్ల నుంచే వచ్చాయని కూడా చెప్పింది. ఫినాస్టరైడ్, ఇదే ఎంజైమ్‌ని అడ్డుకునే ఇంకో మందు డ్యూటాస్టరైడ్, రెండిటికీ కలిపి వాళ్లు పరిశీలించిన కేసులు 325, ఒక్క ఫినాస్టరైడ్ వాడకమే అందరి ఏళ్లూ కలిపితే సుమారు 27 కోట్ల సంవత్సరాలు. చాలా అరుదు అనిపిస్తుంది, నిజమే, కానీ మనసులో చావు ఆలోచన వచ్చిన ప్రతివాడూ వెళ్లి ఫిర్యాదు రాయడు కదా.

జ్ఞాపకశక్తి దగ్గరికొచ్చేసరికి ఆధారాలు ఇంత గట్టిగా లేవు. చదివింది నిలబడట్లేదు, మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది, పొద్దున్నుంచీ తల మొద్దుబారినట్టుంది అని చెప్పేవాళ్లున్నారు, కొందరికి మాత్ర ఆపాక కూడా ఇవి పోలేదంటున్నారు. వాళ్లని తేలిగ్గా కొట్టిపారెయ్యడం నాకు నచ్చదు. అయితే స్వీడన్‌లో 50 నుంచి 90 ఏళ్ల మధ్య ఉన్న 20 లక్షల మందికి పైగా మగవాళ్ల రికార్డులు చూస్తే, ఈ మందులు వాడేవాళ్లలో డిమెన్షియా (వయసు మీదపడ్డాక వచ్చే తీవ్రమైన మతిమరుపు జబ్బు) మొదట్లో కాస్త ఎక్కువగా కనబడి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా చెరిగిపోయింది. మందే కారణమైతే పెరగాలి గానీ తగ్గకూడదు, బహుశా ప్రోస్టేట్ కోసం డాక్టర్ దగ్గరికి తరచూ వెళ్లడం వల్లే జబ్బు ముందుగా బయటపడి ఉండాలి. వాళ్లలో డిప్రెషన్ కూడా ఎక్కువగానే కనబడింది, ఆ తేడా మాత్రం అలా చెరిగిపోలేదు! పాతికేళ్లవాళ్ల గురించి ఈ లెక్కలు ఏమీ చెప్పవు, అది గుర్తుంచుకోవాలి.

భయం కూడా లక్షణాలు పుట్టిస్తుంది. ఇటలీలో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, లైంగిక ఇబ్బందులు రావచ్చని ముందే చెప్పి ఫినాస్టరైడ్ ఇచ్చినవాళ్లలో సుమారు 44 శాతం మంది అవి వచ్చాయన్నారు, చెప్పకుండా ఇచ్చినవాళ్లలో 15 శాతమే. గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్‌కి వచ్చి, నాలుగు గంటలే నిద్రపోతూ, ఒకపక్క పరీక్ష టెన్షన్, ఇంకోపక్క జుట్టు లేకపోతే సంబంధాలు రావేమోనన్న దిగులు మోస్తున్న కుర్రాడికి చదివింది గుర్తుండకపోతే, అందులో మాత్ర వాటా ఎంతో ఎవరు తేల్చగలరు? అందుకే మొదటి మాత్రకి ముందే అతని నిద్ర, చదువు, మనసు ఎలా ఉన్నాయో డాక్టర్ అడిగి రాసిపెట్టాలని నేను గట్టిగా అంటాను. ముందు స్థితి తెలియకుండా తర్వాతి మార్పుని పట్టుకోలేం.

ఇదివరకు డిప్రెషన్ వచ్చినవాళ్లు, ఆత్మహత్య ఆలోచన వచ్చినవాళ్లు ఆ మాట చర్మ డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి. ఈ మాత్ర వేసుకుంటున్నట్టు ఇంట్లో ఒకరికైనా తెలియాలి, అన్నయ్యో భార్యో రూమ్‌మేటో, ఎందుకంటే మనం మారిపోతున్న సంగతి మనకంటే పక్కవాళ్లకే ముందు కనబడుతుంది. చవకని 5 మిల్లీగ్రాముల మాత్ర కొని ముక్కలు చేసుకునేవాళ్లూ ఉన్నారు, ఇంట్లో గర్భవతి ఉంటే ఆ ముక్కలు ఆవిడ ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే ఎదుగుదలకి ప్రమాదం.

జుట్టు కోసం వేసుకునేవాళ్లకి దిగులు కమ్మినా, చావు ఆలోచనలు వచ్చినా మాత్ర ఆపేసి వెంటనే డాక్టర్‌ని కలవమన్నదే యూరప్ సంస్థ సలహా. ఆపితే అప్పటిదాకా నిలబెట్టుకున్న జుట్టు ఏడాదిలోపు పోతుంది, అది నిజం. ఈ ఎంజైమ్ జోలికి వెళ్లకుండా పనిచేసే మినాక్సిడిల్ లాంటి జుట్టు మందు సరిపోతుందేమో అప్పుడు డాక్టర్‌తో మాట్లాడుకోవచ్చు. అర్ధరాత్రి ఆ ఆలోచనలు వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.