గంట ముందుకు జరగని రాష్ట్రం: క్వీన్స్‌ల్యాండ్ పల్లెలకు గడియారంతో ఉన్న పేచీ

ఏటా అక్టోబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు కొట్టగానే సిడ్నీ, మెల్‌బోర్న్, కాన్‌బెరా, హోబార్ట్, అడిలైడ్ నగరాల్లో గడియారాలు నేరుగా మూడు చూపిస్తాయి. వేసవి సాయంత్రాల్లో ఇంకాస్త వెలుగు దక్కాలని గడియారాన్ని గంట ముందుకు జరిపే ఈ పద్ధతి పేరు డేలైట్ సేవింగ్; దక్షిణార్ధగోళంలో అప్పుడే వేసవి మొదలవుతుంది. క్వీన్స్‌ల్యాండ్ రాజధాని బ్రిస్బేన్‌లో మాత్రం రెండు రెండుగానే ఉంటుంది. ఆ రోజు నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా, ఒకే తూర్పు తీరాన పక్కపక్కనే ఉన్న న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రాల మధ్య గంట తేడా నడుస్తుంది. సిడ్నీలో ఉన్న తెలుగువాళ్లు ఇంటికి ఫోన్ చేయాలంటే శీతాకాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో ఐదున్నర గంటలు లెక్క వేసుకోవాలి. బ్రిస్బేన్‌లో ఉన్నవాళ్లకు ఏడాది పొడవునా ఒకటే లెక్క. రాష్ట్రాల సరిహద్దు నడివీధిలో పోయే కూలంగట్టా, ట్వీడ్ హెడ్స్ జంట పట్టణాల్లోనైతే రోడ్డు దాటితే గంట మారుతుంది. డిసెంబరు 31 రాత్రి అక్కడ కొత్త సంవత్సరాన్ని గంట తేడాతో రెండుసార్లు జరుపుకోవచ్చు.

ఈ తేడాకు కారణం ఎవరని అడిగితే ఆస్ట్రేలియాలో వినిపించే జవాబు ఒక వెక్కిరింత. క్వీన్స్‌ల్యాండ్ పల్లెజనం గడియారం ముందుకు జరిపితే ఎండ గంటసేపు ఎక్కువ కాసి కిటికీ తెరల రంగు వెలిసిపోతుందని, ఆవులు తికమకపడతాయని భయపడ్డారనేది దశాబ్దాలుగా నలుగుతున్న పరిహాసం. పొద్దు చూసి పనిచేసే మనిషికి సూర్యుడికీ గడియారానికీ తేడా తెలియదనుకోవడంలో ఉన్న అమాయకత్వం ఎవరిదో గాని, ఆ పరిహాసం మాటున పల్లెల అసలు అభ్యంతరం మరుగునపడింది. ఆ అభ్యంతరం సూర్యుడి మీద కాదు. పాలట్యాంకరు మీద, బడి బస్సు మీద, మొత్తంగా తమ రోజును ఎక్కడో కూర్చుని నిర్ణయించే పట్టణపు గడియారం మీద.

ముందు భూగోళం సంగతి చూడాలి. క్వీన్స్‌ల్యాండ్ వైశాల్యం 17 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే, అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినదానికి ఆరు రెట్లు. అంత రాష్ట్రానికీ 1895 నుంచి ఒకటే కాలం. దానికి ఆధారం 150 డిగ్రీల తూర్పు రేఖాంశం. బ్రిస్బేన్ ఆ రేఖకు తూర్పున 153 డిగ్రీల దగ్గర ఉండటంతో అక్కడ సూర్యుడు గడియారం కంటే పన్నెండు నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. పడమటి గనుల పట్టణం మౌంట్ ఐసా 139.5 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ గడియారం పన్నెండు కొట్టిన నలభై రెండు నిమిషాలకు గాని మిట్టమధ్యాహ్నం కాదు. అంటే పడమటివాళ్లు ఏ చట్టమూ లేకుండానే ముప్పావుగంట డేలైట్ సేవింగ్‌లో బతుకుతున్నారు, దాని మీద ఇంకో గంట కలపడమే ఇక్కడి పేచీ. డిసెంబరులో బ్రిస్బేన్‌లో ఐదు కాకముందే తెల్లవారి, ఏడు కాకముందే చీకటి పడుతుంది. ఆఫీసు నుంచి వచ్చి పిల్లలతో సముద్రపు ఒడ్డుకు వెళ్దామనుకునే నగరవాసికి అది పొద్దున పూట వృథా అయిన వెలుగు. బ్రిస్బేన్‌లో పొద్దు వాలే సమయానికి మౌంట్ ఐసాలో ఇంకా ఎండ కాస్తూనే ఉంటుంది.

అక్షాంశం లెక్క కూడా ఉంది. ఉత్తర క్వీన్స్‌ల్యాండ్‌లోని కెయిన్స్ భూమధ్యరేఖకు దక్షిణాన 17 డిగ్రీల దగ్గర ఉంది. ఉత్తరాన మన రాజమహేంద్రవరం ఉన్నదీ దాదాపు అంతే దూరంలో. గోదావరి జిల్లాలవాళ్లకు తెలిసిన సంగతే, ఈ అక్షాంశాల్లో ఎండాకాలపు పగటికీ చలికాలపు పగటికీ తేడా రెండు గంటలకు కాస్త పైన. లండన్‌లో ఆ తేడా దాదాపు తొమ్మిది గంటలు. డేలైట్ సేవింగ్ పుట్టింది అలాంటి చల్లని, దూరపు అక్షాంశాల వాళ్ల బుర్రలో; వేసవిలో పొడుగ్గా సాగే పగలు వాళ్లకు పండగ. ఉష్ణమండలంలో దాచుకోవడానికి అంత అదనపు వెలుగు లేదు, ఉన్న వెలుగు ఎప్పుడు తగ్గుతుందా అని జనం ఎదురుచూస్తారు.

ఆ ఆలోచన రైతుల కోసం పుట్టిందన్న నమ్మకం లోకంలో బలంగా ఉంది గాని, దాని పుట్టుకలో రైతు జాడ కనపడదు. 1895లో రెండు గంటల మార్పును ప్రతిపాదించిన జార్జ్ హడ్సన్ న్యూజిలాండ్‌లో తపాలా ఉద్యోగి. ఉద్యోగం ముగిశాక పురుగులను సేకరించే వ్యాపకానికి సాయంత్రపు వెలుగు కావాలన్నది ఆయన కోరిక. 1907లో ఇంగ్లండ్‌లో ఇదే వాదనతో కరపత్రం వేసిన విలియం విల్లెట్ ఇళ్లు కట్టే వ్యాపారి, గోల్ఫ్ ఆటగాడు; వేసవి పొద్దున గుర్రమెక్కి తిరుగుతుంటే, బారెడు పొద్దెక్కినా జనం తలుపులు తీయకపోవడం ఆయనకు కంటగింపైంది. విల్లెట్ 1915లో చనిపోయాడు. మరుసటి ఏడాది యుద్ధంలో ఉన్న జర్మనీ బొగ్గు ఆదా కోసం దీన్ని అమలులోకి తెచ్చింది, మూడు వారాలకు బ్రిటన్ కూడా తెచ్చింది.

పల్లెల ఎదురుతిరుగుడు మొట్టమొదట గట్టిగా కనిపించింది అమెరికాలో. 1918 మార్చిలో అక్కడ గడియారాలు ముందుకు జరిగాయి. ఎండుగడ్డి మీది మంచు సూర్యుడు ఎక్కితే గాని ఆరదు. అది ఆరేదాకా కూలీలు ఖాళీగా కూర్చుంటారు, సాయంత్రం మాత్రం గడియారం చూసుకుని ఇంటికి పోతారు. పాలు మోసే రైళ్లు నగరపు గంటకే కదులుతాయి. యుద్ధం ముగియగానే రైతులు కాంగ్రెస్‌ను కదిలించారు; అధ్యక్షుడు వుడ్రో విల్సన్ రెండుసార్లు వీటో చేసినా 1919 ఆగస్టులో వీటోను తోసిపుచ్చి చట్టాన్ని రద్దు చేయించారు. అయినా న్యూయార్క్ లాంటి నగరాలు సొంత నిబంధనలతో, మసాచుసెట్స్ సొంత చట్టంతో కొనసాగించాయి. మసాచుసెట్స్ రైతుల సంఘం గ్రేంజ్ ఆ చట్టం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1926లో ఓడిపోయింది. పల్లె గెలిచినా నగరం తన దారిన తాను పోవడం, ఓడితే పల్లె నగరం వెంట నడవాల్సి రావడం ఈ చరిత్రలో మళ్లీమళ్లీ ఎదురవుతుంది.

ఆస్ట్రేలియా కూడా యుద్ధాల సమయంలోనే దీన్ని రుచి చూసింది: మొదట 1917 తొలి మూడు నెలల్లో, తరువాత 1942 నుంచి 1944 దాకా. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలోనూ గడియారాలు గంట ముందుకు జరిగి 1945 అక్టోబరు దాకా అలాగే నడిచాయన్న సంగతి ఇప్పుడు దాదాపు ఎవరికీ గుర్తులేదు. శాంతికాలంలో దీన్ని తిరిగి తెచ్చిన తొలి ఆస్ట్రేలియా రాష్ట్రం టాస్మేనియా. 1967లో కరువొచ్చి జలవిద్యుత్ జలాశయాలు ఎండిపోతుంటే కరెంటు ఆదా కోసం ఆ పని చేసింది. 1971 వేసవికి న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాలతో పాటు క్వీన్స్‌ల్యాండ్ కూడా అదే దారి పట్టింది. మిగతావి కొనసాగాయి, క్వీన్స్‌ల్యాండ్ ఒక్క వేసవితో ముగించింది.

అసలు పరీక్ష 1989 చివర మొదలైంది. పక్క రాష్ట్రాలతో పొంతన లేక నగరంలో విమానాలు, బ్యాంకులు, షేర్ల వ్యాపారం ఇబ్బంది పడుతున్నాయన్న ఒత్తిడి మీద మూడు వేసవుల ప్రయోగం అమలైంది. ఆ మూడు వేసవుల్లోనే పల్లెల ఫిర్యాదు ఊహ స్థాయి దాటి నిత్యానుభవంగా మారింది.

ఎగతాళికి గురైన ఆవునే తీసుకుందాం. బ్రిస్బేన్‌కు పడమటనున్న డార్లింగ్ డౌన్స్ మైదానాల్లోనో, కెయిన్స్ పైనున్న ఆథర్టన్ పీఠభూమిలోనో పాడి రైతు రోజూ రెండు పూటలా పాలు తీస్తాడు. ఆవు పొదుగుకు అలవాటైన వేళ ఒకటుంటుంది. ఆ వేళకు అది తనంతట తానే వచ్చి గేటు దగ్గర నిలబడుతుంది, ఆ వేళకే బాగా చేపుతుంది. గంట ముందే తోలుకొస్తే పొదుగు నిండి ఉండదు, చేపు సరిగా రాదు. గంట ఆలస్యమైతే పొదుగు బిగిసి బాధపడుతుంది. గడియారం సంగతి ఆవుకు తెలియదన్నది నిజమే. రైతు కూడా సూర్యుడి వేళకే తీసుకోవచ్చు గదా అనడం తేలిక. కాని చల్లబరిచిన పాలు ఎత్తుకుపోయే ట్యాంకరు ఫ్యాక్టరీ గంటకు వస్తుంది, అది వచ్చేసరికి పాలు తీయడం, తొట్టిలో చల్లబడటం, కొట్టం కడగడం అయిపోవాలి. అందుకని గడియారం మారే ముందు పదేసి నిమిషాలు జరుపుకుంటూ మందను కొత్త వేళకు అలవాటు చేయాలి, మార్చి వచ్చాక అదంతా వెనక్కి తిప్పాలి. మన ఊళ్లలో పాలకేంద్రం వ్యాను వెళ్లిపోయాక క్యాను పట్టుకుని పరుగెత్తినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. నాలుగున్నరకు లేచేవాడు పాత గంట లెక్కన మూడున్నరకే లేచి, లైటు వేసుకుని చీకట్లో పశువులను వెతుక్కుంటుంటే, ఆ గంట వెలుగు ఎవరికి ఆదా అయిందన్న ప్రశ్న వాడికి తట్టకుండా ఎలా ఉంటుంది?

బడి సంగతి ఇంకా సూటిగా తగిలింది. పడమటి పశువుల క్షేత్రాల్లో పిల్లలు బస్సు కోసం చాలా దూరం రావాలి. మార్చి మొదట్లో, కొత్త గంట ప్రకారం, మౌంట్ ఐసాలో ఏడున్నర దాటితే గాని సూర్యుడు కనపడడు. దూరపు పిల్లలు చీకట్లో లేచి చీకట్లోనే బయల్దేరాలి. సాయంత్రం మూడింటికి బడి వదిలితే సూర్యుడి లెక్కన ఒంటిగంటన్నర కూడా కాదు. తరచు 40 డిగ్రీలకు చేరువయ్యే ఎండలో బస్సులో కూర్చుని ఇంటికి చేరాక, చల్లబడటానికి ఇంకో గంట అదనంగా ఎదురుచూడాలి. రాత్రి ఎనిమిదింటికీ బయట వెలుగు, లోపల ఉక్కపోత. ఆ పిల్లల్ని నిద్రపుచ్చి తెల్లారకముందే లేపడం తల్లుల పని. ఇన్నేళ్ల చర్చలో ఈ తల్లుల మాట కిటికీ తెరల హాస్యంగానే పట్టణాలకు చేరిందంటే ఆశ్చర్యపోనవసరం లేదు.

1992 ఫిబ్రవరి 22న, మూడో వేసవి నడుస్తుండగానే, వేన్ గాస్ నాయకత్వంలోని ప్రభుత్వం జనాభిప్రాయ సేకరణ జరిపింది. ఆస్ట్రేలియాలో ఓటు వేయడం తప్పనిసరి, కాబట్టి ఉదాసీనులు ఇంట్లో కూర్చునే వీలు లేదు. వద్దన్నవాళ్లు 54.5 శాతం. బ్రిస్బేన్, గోల్డ్ కోస్ట్‌లు ఉన్న ఆగ్నేయ మూల కావాలంది. ఉత్తరం, పడమర పెద్ద తేడాతో కాదన్నాయి.

ఈ ఫలితాన్ని పల్లె వీటోగా చెప్పడం పరిపాటి. అది సగం నిజమే. రాష్ట్ర జనాభాలో సగానికి పైగా ఆగ్నేయ మూలలోనే ఉంటారు గనుక, ఒక్క పల్లెల ఓటు దాన్ని ఓడించగలిగేది కాదు. నగరంలోనూ గణనీయంగా కాదన్నవాళ్లు ఉంటేనే లెక్క కుదురుతుంది. తెల్లవారి చల్లటి పూట పని మొదలుపెట్టే తాపీ మేస్త్రీకి, పసిపిల్లల తల్లికి బ్రిస్బేన్‌లోనైనా రాత్రి ఎనిమిదింటి వెలుగు వరమేమీ కాదు. నగరం కోరిక అని మనం చెప్పుకుంటున్నది నిజానికి ఐదింటికి పని దిగి, ఆ తరువాతి వేళ తనదిగా గడుపుకోగలిగినవాళ్ల కోరిక. పల్లెల్లో అలాంటివాళ్లు తక్కువ.

పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ఇదే కథ ఇంకా పట్టుదలగా నడిచింది. అక్కడ 1975, 1984, 1992, 2009లలో నాలుగుసార్లు ఓటుకు పెట్టారు, నాలుగుసార్లూ ఓడింది. చివరిసారి మూడేళ్ల ప్రయోగం చేసి చూపించాక కూడా 54 శాతానికి పైగా వద్దన్నారు.

క్వీన్స్‌ల్యాండ్‌లో ఓటమి తరువాత పర్యాటక వ్యాపారం ఊరుకోలేదు. విట్‌సండే దీవుల్లో హేమన్, లిండెమన్, హామిల్టన్ రిసార్టులు రాష్ట్రం కాదన్నా మరో రెండేళ్లు తమ అతిథుల కోసం గడియారం ముందుకు జరుపుకున్నాయి. 2008లో ఆగ్నేయ మూలకు మాత్రమే డేలైట్ సేవింగ్ కావాలన్న ఏకైక నినాదంతో ఒక పార్టీ పుట్టి, మరుసటి ఏడాది ఎన్నికల్లో పోటీ చేసింది. 2010లో ఒక స్వతంత్ర శాసనసభ్యుడు అదే విషయం మీద జనాభిప్రాయం కోరాలని బిల్లు పెడితే రెండు పెద్ద పార్టీలూ దాన్ని తిరస్కరించాయి. పల్లెల ఓటు పోతుందన్న భయం అందులో లేకపోలేదు గాని, గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న కూడా చిన్నది కాదు. గీత పడితే కూలంగట్టా వీధిలో ఇప్పుడున్న తిప్పలు ఉత్తరానికి జరిగి, ఇంకో ఊరి మధ్యన మొదలవుతాయి. పాలట్యాంకరు ఆ గీతకు అటు ఫ్యాక్టరీ నుంచి ఇటు కొట్టానికి రావలసిందే.

రిసార్టుల ఆ ముచ్చట 1994లో ముగిసింది. కంప్యూటర్లు వాడే ప్రపంచ కాలమండలాల పట్టికలో మాత్రం ఆస్ట్రేలియా కింద బ్రిస్బేన్‌కు ఒక వరుస, లిండెమన్‌కు వేరుగా ఇంకో వరుస ఇప్పటికీ ఉన్నాయి. గంట ఇష్టమైనట్టు జరుపుకున్న చిన్న దీవికి అక్కడ పేరుంది. మౌంట్ ఐసాకు లేదు.