గదిని కొలిచే ముందు సౌండ్‌కార్డ్‌ను కొలవండి

స్పీకర్‌లో ఒక పరీక్ష శబ్దం మోగించి, మైక్‌తో పట్టి, కంప్యూటర్‌లో గ్రాఫ్ గీయిస్తే గది స్వభావం బయటపడుతుంది. బేస్ ఎక్కడ గుమ్మని మోగుతోందో, ఎక్కడ మాయమైపోతోందో అన్నీ తెలుస్తాయి. అయితే ఆ గీతలో ఉన్నది గది ఒక్కటే కాదు. స్పీకర్, మైక్, కంప్యూటర్‌లోకి శబ్దాన్ని తీసుకుని బయటికి పంపే సౌండ్‌కార్డ్ తలా ఒక చెయ్యి వేసి ఉంటాయి. 20 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి జారితే అది ఎవరి పనో గ్రాఫ్ చూసి చెప్పలేం. సౌండ్‌కార్డ్ వాటాను మాత్రం చాలా తేలిగ్గా విడదీయొచ్చు. ఒక్క కేబుల్ చాలు.

సౌండ్‌కార్డ్ లైన్ అవుట్ నుంచి కేబుల్ తీసుకొచ్చి అదే కార్డ్ లైన్ ఇన్‌లో పెట్టాలి. దీన్నే లూప్‌బ్యాక్ అంటారు. ఇప్పుడు మధ్యలో గదీ లేదు, గాలీ లేదు. వెళ్లిన సిగ్నల్ తిరిగొచ్చేసరికి ఏమైనా మారిందంటే అది కార్డ్ వల్లే. రూమ్ ఈక్యూ విజార్డ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ తేడాను ఒక కాలిబ్రేషన్ ఫైల్‌గా దాచుకుని, తర్వాత చేసే ప్రతి కొలతలోంచీ తీసేస్తుంది. గిన్నెతో సహా తూచాల్సి వస్తే ముందు ఖాళీ గిన్నె బరువు చూసుకుంటాం కదా, లెక్క అదే.

ఇంతకీ కార్డ్ ఎందుకు మారుస్తుంది? సిగ్నల్ దారిలో డీసీని (ఊగకుండా ఒకే దిశలో పారే కరెంటును) అడ్డుకోవడానికి చాలా కార్డుల్లో కెపాసిటర్లు ఉంటాయి. ఇవి ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ సిగ్నల్‌నీ అడ్డుకుంటాయి. ఉదాహరణకు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తర్వాత 10 కిలోఓమ్‌ల నిరోధం ఉందనుకోండి. 16 హెర్ట్జ్ దగ్గర సిగ్నల్ 3 డెసిబెల్స్ పడిపోతుంది. 32 హెర్ట్జ్ దగ్గర కూడా 1 డెసిబెల్ పోతుంది. అవుట్‌లో ఒకటి, ఇన్‌లో ఒకటి ఇలాంటివి ఉంటే నష్టం రెట్టింపు: 16 హెర్ట్జ్‌కు 6, 32కు దాదాపు 2 డెసిబెల్స్. 5 మీటర్ల పొడవున్న గదిలో మొదటి రూమ్ మోడ్ (గోడల మధ్య శబ్దం నిలబడి గట్టిగా మోగే ఫ్రీక్వెన్సీ) పడేది సుమారు 34 హెర్ట్జ్ దగ్గర. అంటే గది గురించి మనకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటే కార్డ్ కూడా వేలు పెడుతోందన్నమాట. పై చివర కథ వేరు. సెకనుకు 48 వేల సార్లు సిగ్నల్‌ను కొలిచే 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌లో 24 కిలోహెర్ట్జ్ దాటినదేదీ పట్టలేం కాబట్టి, దానికి కాస్త ముందే ఫిల్టర్ గీతను కిందికి దించేస్తుంది.

పరీక్షకు వాడే శబ్దం స్వీప్. కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైదాకా ఆగకుండా పాకే ఒకే స్వరం. స్వీప్ ఫ్రీక్వెన్సీని లాగరిథమిక్‌గా, అంటే సమాన వ్యవధిలో సమాన రెట్లు పెరిగేలా పెంచితే ఒక గొప్ప లాభం ఉందని 2000లో ఇటలీ పరిశోధకుడు ఆంజెలో ఫరీనా చూపించారు. లెక్కగట్టి ఇంపల్స్ రెస్పాన్స్ (ఒక్క టక్కుమన్న శబ్దానికి వచ్చే స్పందన) తీసినప్పుడు, పరికరాల డిస్టార్షన్, అంటే అవి సిగ్నల్‌ను వంకర చేసిన భాగం, కాలంలో అసలు ఫలితం కన్నా ముందుకి జరిగి విడిగా నిలబడుతుంది. దాన్ని కత్తిరించి పక్కన పెట్టేయొచ్చు. ఈ రంగంలో ఇంత అందమైన ఉపాయం మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇక చేతిపని. కాలిబ్రేషన్లు చెడేది ఎక్కువగా ఇక్కడే. అన్నిటికన్నా ముందు మానిటరింగ్ ఆపాలి. లైన్ ఇన్‌కు వచ్చింది మళ్లీ లైన్ అవుట్‌కు వెళ్తుంటే సిగ్నల్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. గ్రాఫ్‌లో దువ్వెన పళ్లలాంటి ఎగుడుదిగుళ్లు వస్తాయి, లేదంటే ఏకంగా కూత పెడుతుంది. విండోస్‌లోని ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు, నాయిస్ సప్రెషన్, ఆటోమేటిక్ గెయిన్, మైక్ బూస్ట్ అన్నీ ఆఫ్ చేయాలి. మైక్ ఇన్‌పుట్ ద్వారానే లూప్ చేస్తుంటే మైక్‌కు కార్డ్ పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ తప్పకుండా తీసేయాలి. అది కార్డ్ అవుట్‌పుట్‌కు దెబ్బ కొట్టొచ్చు. ఇన్‌పుట్ లెవెల్ సున్నాకు, అంటే కార్డ్ పట్టగలిగే గరిష్ఠానికి ఆనకూడదు. మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచితే నిశ్చింత. పాత కాలిబ్రేషన్ ఫైల్ లోడ్ అయి లేకుండా చూసుకోవాలి. చివర్లో కొత్త ఫైల్ లోడ్ చేసి లూప్‌బ్యాక్‌నే మరోసారి కొలవండి. గీత బల్లపరుపుగా వస్తేనే నమ్మాలి. శాంప్లింగ్ రేటు మార్చినా, వేరే ఇన్‌పుట్‌కు మారినా మళ్లీ చేయాల్సిందే.

ఇది గీత ఆకారాన్ని మాత్రమే సరిచేస్తుంది. కార్డ్‌లోని నాయిస్‌నీ, క్లిప్పింగ్‌నీ (గరిష్ఠం దాటిన సిగ్నల్ తల తెగిపోవడాన్నీ) బాగు చేయలేదు. పైగా కార్డ్ 30 డెసిబెల్స్ తగ్గించిన చోట దిద్దుబాటు 30 డెసిబెల్స్ పెంచుతుంది, నాయిస్‌తో సహా. అందుకే 5 హెర్ట్జ్ కింద కనిపించేదాన్ని నేను పట్టించుకోను. శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పడం కూడా దీని పని కాదు. అందుకు మైక్ మీద తొడిగే సౌండ్ లెవెల్ కాలిబ్రేటర్ కావాలి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 94 డెసిబెల్స్, అంటే 1 పాస్కల్ ఒత్తిడి ఇస్తుంది. యూఎస్‌బీ మైక్ వాడేవారికి ఇన్‌పుట్ మైక్ లోపలే ఉంటుంది కాబట్టి సౌండ్‌కార్డ్ ఇన్‌పుట్‌ను కొలిచి లాభం లేదు. వారికి ఆ మైక్ సీరియల్ నంబరుతో వచ్చే కాలిబ్రేషన్ ఫైలే ఆధారం.

మామూలు మైక్, రెండు చానళ్ల కార్డ్ ఉన్నవాళ్లు కొలత అయిపోయాక కూడా కేబుల్ తీసేయక్కర్లేదు. ఒక చానల్‌కు మైక్ పెట్టి, రెండో చానల్‌ను లూప్‌బ్యాక్‌లోనే వదిలేస్తే అది కాలానికి కొలబద్ద అవుతుంది. కంప్యూటర్ ఎంత ఆలస్యం చేసినా రెండు చానళ్లకూ ఒకేలా చేస్తుంది కాబట్టి, మిగిలే తేడా దాదాపుగా గాలిలో ప్రయాణానిదే. 1 మిల్లీసెకండులో శబ్దం 34 సెంటీమీటర్లు వెళ్తుంది. ఎడమ స్పీకర్ శబ్దం కుడిదాని కన్నా అంత ఆలస్యంగా చేరిందంటే, ఈక్వలైజర్ ముట్టుకోకముందే టేప్ పట్టుకుని స్పీకర్ల దూరం సరిచూడాలి.